నాన్కివెల్ వారి ఇంటిపేరు

ఆస్ట్రేలియా తీరాన ఉన్న పోర్ట్ కరిన్యాలో ఎవరైనా ఒక పనికి సిద్ధపడి, తీరా ఆ ఘడియ వచ్చేసరికి వెనక్కి తగ్గితే "నాన్కీ కొట్టాడు" అంటారు. పెళ్లికి ముందురోజు ఊళ్లోంచి మాయమైన పెళ్లికొడుకు నాన్కీ కొట్టాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, డాక్టరు గది గుమ్మం దాకా పోయి తిరిగొచ్చిన ముసలాయన నాన్కీ కొట్టాడు. జెట్టీ చివర నుంచి సముద్రంలోకి దూకడానికి జంకే పిల్లల్ని వెనకాల వరసలో ఉన్న పిల్లలు "నాన్కీ! నాన్కీ!" అని చప్పట్లు కొట్టి ఏడిపిస్తారు. అది ఒక మనిషి పేరని ఆ పిల్లల్లో సగం మందికి తెలియదు.

ఆ మాటను పుట్టించినవాడు కెల్విన్ ట్రెజైజ్. ఆ సంగతి అందరికీ తెలుసు. అతను దాచుకోనూ లేదు, పైగా చెప్పుకుని మురిసేవాడు.

నలభై ఏళ్ల కిందట వెరిటీ నాన్కివెల్ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ ఊరి నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లింది. అంతకుముందు ఆ ఊరి నుంచి ఎవరూ వెళ్లలేదు. జెట్టీ మీద నుంచి దూకుతూ పెరిగిన పిల్ల. తండ్రి రెగ్‌కి పెద్దవీధిలో ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. శనివారం మధ్యాహ్నం కొట్టు మూసేసి, కూతుర్ని డైవింగ్ నేర్చుకోవడానికి పాత వ్యానులో అడిలైడ్ నగరానికి తీసుకెళ్లేవాడు. ఆ పిల్ల పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లలోకి దూకి పైకి వస్తుంటే గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడేవాడు.

పోటీ రోజున ఊరంతా పబ్బులో టీవీ ముందు చేరింది. ఊరి రేడియోలో కొత్తగా చేరిన కెల్విన్ మైకు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇళ్లలో ఉండిపోయినవాళ్ల కోసం, పొలాల్లో ట్రాక్టర్ల మీద ఉన్నవాళ్ల కోసం జరుగుతున్నదంతా చెబుతున్నాడు. వెరిటీ డైవింగ్ టవర్ ఎక్కింది. బల్ల అంచున నిలబడింది. నిలబడే ఉంది. ఈల మోగింది. ఆమె వెనక్కి తిరిగి, నిచ్చెన వైపు మొహం పెట్టి, ఒక్కో మెట్టే దిగి వచ్చేసింది.

పబ్బులో ఎవరికీ నోట మాట రాలేదు. రేడియోలో నిశ్శబ్దం వినిపించకూడదని కెల్విన్‌కి నేర్పారు. ఏదో ఒకటి అనాలి.

"ఏం లేదర్రా! మన నాన్కీ... నాన్కీ కొట్టింది, అంతే!" అన్నాడు.

పబ్బు గొల్లుమంది. ఆ నవ్వుతో అందరి గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. ఆ రోజుతోనే కెల్విన్ ట్రెజైజ్ ఆ ఊరికి కావలసినవాడు అయిపోయాడు. తర్వాత ఏటా రేడియోలో "నాన్కీ బహుమతి" ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది ఎవరు అందరికంటే ఘనంగా వెనక్కి తగ్గారో జనం ఫోన్లు చేసి చెప్పేవారు. గెలిచినవాళ్లకి చిన్న చెక్క నిచ్చెన ఇచ్చేవాడు.

వెరిటీ ఆ వేసవి దాటకుండానే ఊరు వదిలి వెళ్లింది. రెగ్ నాన్కివెల్ మరికొన్నేళ్లు కొట్టు నడిపి, పోయాడు.

ఈ జనవరిలో, నడి వేసవిలో, ఊరి కౌన్సిల్‌కి ఒక ఆలోచన వచ్చింది. జెట్టీకి వెళ్లే దారి పక్కన, ఊరి నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లినవాళ్ల పేర్లతో ఇత్తడి ఫలకాలు పెట్టాలి. ఊరికి ఉన్నది ఇద్దరే. సైకిల్ పందెంలో కాంస్యం తెచ్చిన రాస్ పెన్‌హాల్ ఒకడు. అతని పేరు మీద ఊళ్లో ఇప్పటికే ఒక వీధి ఉంది. రెండో మనిషి వెరిటీ.

కౌన్సిల్ తరఫున ఏర్పాట్లు చూస్తున్న జోస్లిన్ ఒక ఉదయం కెల్విన్ ఇంటికి వచ్చింది. ఊళ్లోకి కాపురానికి వచ్చి కొద్ది ఏళ్లే అయిన మనిషి. ఉత్సాహం ఎక్కువ.

"ఆమె వస్తానంది కెల్! మొదటి ఫోనుకే ఒప్పేసుకుంది. మైకు నీదే. నువ్వు లేకపోతే ఆ ఎండలో జనం నిలబడరు."

"వెరిటీయా? ఇక్కడికి వస్తుందా?"

"ఏం, ఎందుకలా చూస్తున్నావు? కొంపదీసి నువ్వు నాన్కీ కొడతావా ఏంటి?" అని తన మాటకి తనే నవ్వుకుంది జోస్లిన్.

కెల్విన్ కూడా నవ్వాడు. కానీ ఆమె వెళ్లాక చాలాసేపు వంటింటి బల్ల దగ్గరే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లలో వెరిటీ ఎక్కడుందో, ఏం చేస్తోందో అతనెప్పుడూ ఎవర్నీ అడగలేదు. ఆ పేరును రోజూ నోట్లో ఆడించిన మనిషికి ఆ పేరుగల మనిషి బతికే ఉందన్న ఊహే రాలేదు. ఆ సంగతి తట్టేసరికి లేచాడు. చల్లారిపోయిన టీ సింకులో పారబోశాడు.

అతని భార్య మార్గో మొక్కలకి నీళ్లు పెట్టి లోపలికి వచ్చింది.

"ఆ మాట ఆ రోజు నీ నోట్లోంచి రాకూడదు" అంది.

"నాకు తెలీదా మార్గో?"

"నీకు తెలుసు. నీ నోటికి తెలీదు."

కెల్విన్ ఆ వారమంతా కష్టపడ్డాడు. వెరిటీ గురించి ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి అనుకున్నాడు. చిన్న ఊరి నుంచి వెళ్లిన తొలి మనిషి, దేశం తరఫున పోటీకి దిగిన తొలి మనిషి, మన పిల్లలందరికీ దారి చూపిన మనిషి. అంతకుమించి ఒక్క ముక్క అనకూడదనుకున్నాడు. మనసులో ఇంకో ఆశ కూడా ఉంది. ఆ రోజు ఆమెకి ఒంట్లో బాగోలేదేమో. చెవిపోటో, నడుంనొప్పో ఉండి ఉంటుంది, ఎవరికీ చెప్పి ఉండదు. అలాంటిది ఏదైనా ఉంటే ఊరికి తను చెబుతాడు. తను చెబితే ఊరు నమ్ముతుంది. లెక్క సరిపోతుంది.

ఆదివారం ఎండ మండిపోయింది. ఉత్తరం నుంచి వడగాలి. ఈగలు మొహాల మీద నుంచి లేవడం లేదు. ఒక పక్క పెనం మీద సాసేజ్‌లు, ఉల్లిపాయలు వేగుతున్నాయి. గోధుమ బస్తాలు మోసే ట్రాలీనే కడిగి, దాన్నే వేదిక చేశారు. ఎక్కడానికి నాలుగు చెక్క మెట్లు ఆనించారు.

వెరిటీ గుడారం నీడలో కుర్చీలో కూర్చుని ఉంది. కురచగా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఎండకి కమిలిన చేతులు. దూరాన హోబార్ట్ నగరంలో మొక్కల నర్సరీ నడుపుతోందట. కెల్విన్ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు.

"కెల్! నీ గొంతు ఏమీ మారలేదు. నిన్న వస్తూ కారులో రేడియో పెడితే నువ్వే. ఎవరో టమాటాల గురించి అడుగుతుంటే జవాబు చెబుతున్నావు" అంది ఆమె చెయ్యి అందుకుని.

"బాగా వచ్చిందా కార్యక్రమం?"

ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చాక గానీ అతనికి తెలియలేదు, ఆమెని ఎలా ఉన్నావని కూడా అడగలేదని.

"బాగానే వచ్చింది. టమాటాల గురించి మాత్రం తప్పు చెప్పావు" అందామె.

ముందు మేయరమ్మ మాట్లాడింది. ఆమె ప్రసంగం రోడ్లకి పోయింది, కాలవలకి పోయింది, ఎంతకీ ఒలింపిక్స్‌కి రాలేదు. జనం గొడుగుల కిందకి, చెట్ల కిందకి జారుకోవడం మొదలుపెట్టారు. తర్వాత రాస్ పెన్‌హాల్ ఎక్కి, మెడలోంచి పతకం తీసి జనంలోకి ఇచ్చాడు. అది చేతులు మారుతూ వెనక వరసల దాకా పోయింది. ఒక ముసలమ్మ దాన్ని పంటితో కొరికి చూసింది. కొంచెం నవ్వులు వచ్చాయి గానీ ఎండ మళ్లీ వాటిని తినేసింది.

కెల్విన్ మైకు అందుకున్నాడు. జనం మొహాలు చూశాడు. వాలిపోతున్నాయి. అలా వాలిపోతున్న జనాన్ని నిలబెట్టడమే నలభై ఏళ్లుగా అతని పని. అద్దం ముందు అనుకున్న మాటలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పాడు. బాగానే చెప్పాడు. మర్యాదగా చప్పట్లు కొట్టారు.

వెరిటీ లేచి వచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆ చెక్క ఊగింది. ఆమె పక్కనున్న కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"నిదానం వెరిటీ, నిదానం! మెట్లు దిగడంలో నీకు ఎదురులేదని మాకు తెలుసు గానీ, ఎక్కడం సంగతే మరి!"

జనం విరగబడి నవ్వారు. చెట్ల కింద ఉన్నవాళ్లు కూడా ముందుకి వచ్చారు. పిల్లలు "నాన్కీ!" అని అరిచారు. ఒక్క అరక్షణం, తన గొంతుకు జనం అలా లేచినప్పుడు ఎప్పుడూ కలిగే వెచ్చదనం కెల్విన్ ఒంట్లో పాకింది. ఆ తర్వాత గానీ ఏమన్నాడో అతనికి వినపడలేదు.

అతను ఆ మాట అనాలనుకోలేదు. దాని గురించి ఆలోచించనైనా లేదు. అది దానంతట అదే వచ్చింది, మెట్టు తప్పినప్పుడు చెయ్యి దానంతటదే గోడకి పోయినట్టు.

వెరిటీ నవ్వింది. పళ్లు కనపడకుండా, పెదాలు కొంచెం సాగదీసి, అతిథిగా వెళ్లిన ఇంట్లో పిల్లవాడు ఏదో పగలగొడితే నవ్వే నవ్వు. మిగిలిన మెట్లు ఎక్కింది. మైకు తీసుకునేటప్పుడు ఆమె వేళ్లు అతని వేళ్లకి తగిలాయి. 

"నన్ను పిలిచినందుకు సంతోషం. ఈ ఫలకం మీద మా ఇంటిపేరు పూర్తిగా రాశారు. దానికి ఇంకా సంతోషం. నాన్న చూసి ఉంటే బాగుండేది" అంది. తనకి నేర్పిన కోచ్ పేరు చెప్పింది. జెట్టీ బాగు చేయించినందుకు కౌన్సిల్‌కి థాంక్స్ చెప్పింది. దిగిపోయింది.

మైకులు సర్దేస్తుంటే నలుగురైదుగురు వచ్చి కెల్విన్ వీపు తట్టారు.

"పోయిన ప్రాణం మళ్లీ పోశావు కెల్!"

"మేయరమ్మ చంపేసింది, నువ్వు లేకపోతే అంతా ఇంటికి పోయేవాళ్లం!"

కెల్విన్ తల ఊపాడు.  మార్గో కోసం చూశాడు. ఆమె దూరంగా కారు దగ్గర వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది.

వెరిటీ పడవలు దించే చోట సిమెంటు గోడ మీద కూర్చుని, మాంసం కూరి కాల్చిన పాస్టీ తింటోంది. కెల్విన్ దగ్గరికి వెళ్లాడు. కూర్చోవచ్చా అని అడగడానికి ధైర్యం చాలక నిలబడే ఉన్నాడు.

"వెరిటీ, ఇందాక... నేను కావాలని అనలేదు."

"తెలుసు. కావాలని అంటే నీ మొహం అలా పాలిపోదు."

"శనివారం నా కార్యక్రమం ఉంది. రేడియోలో చెబుతాను. అందరికీ చెబుతాను. నువ్వు ఒక్క మాట చెప్పు. ఆ రోజు ఏం జరిగింది? ఒంట్లో బాగోలేదా? చెవా? నడుమా? నేను సరిగ్గా చెబుతాను, ఒట్టు. జనం అర్థం చేసుకుంటారు."

ఆమె పాస్టీని కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"నాకు భయం వేసింది, కెల్. అంతే."

"అంటే, అంతకుముందు ఏదైనా దెబ్బ తగిలి..."

"దెబ్బా లేదు, ఏమీ లేదు. ముందురోజు కూడా అదే బల్ల మీద నుంచి దూకాను. ఆ రోజు కింద నీళ్లు నీళ్లలా కనపడలేదు. కాళ్లు కదల్లేదు. దిగిపోయాను. నిజం చెప్పనా? మొదటి మెట్టు మీద కాలు ఆనగానే ఎంత సుఖంగా అనిపించిందో! ఇక దూకక్కర్లేదు కదా అని. నాకు సిగ్గు ఆ నిచ్చెన మీద పట్టలేదు. ఇక్కడికి వచ్చాక పట్టింది."

 జెట్టీ మీద సీగల్ పక్షులు పోట్లాడుకుంటున్నాయి.

"ఆ చేపలు బాగున్నాయా?" అని అడిగింది వెరిటీ.

అతనికి వెంటనే అర్థమైంది. అర్థం కానట్టు మొహం పెట్టబోయాడు, కుదరలేదు.

ఒలింపిక్స్ అయిన కొన్ని వారాలకి రెగ్ నాన్కివెల్ రేడియో స్టేషన్‌కి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, పొద్దున తను గాలం వేసి పట్టిన వైటింగ్ చేపలు శుభ్రం చేసి సంచిలో తెచ్చాడు. "అబ్బాయ్, నవ్వుకున్నంత నవ్వుకున్నారు. ఆ మాట ఇక చాలించు నాయనా. పిల్ల ఇంట్లోంచి బయటికి రావడం లేదు. మా ఇంటిపేరున్న కొట్టు బోర్డు కింద నిలబడి కుర్రాళ్లు ఫొటోలు దిగుతున్నారు" అన్నాడు. "అలాగే రెగ్, తప్పకుండా" అన్నాడు కెల్విన్. చేపలు తీసుకున్నాడు. మర్నాడు పొద్దున కార్యక్రమంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. "ఊళ్లో చేపల ధర తెలుసా మీకు? సంచెడు వైటింగ్‌కి ఒక నాన్కీ మాఫీ! నిన్న ఒక పెద్దమనిషి బేరానికి వచ్చాడు. చేపలు మాత్రం బ్రహ్మాండం!" అన్నాడు. ఫోన్లు ఆగలేదు.

"నేను ఆ పొద్దున కొట్లోనే ఉన్నాను" అంది వెరిటీ. "మేకులు పొట్లాలు కడుతున్నాను. నాన్న రేడియో కట్టెయ్యలేదు. ఆఖరిదాకా విన్నాడు. విని, 'వాడి ఉద్యోగమే నవ్వించడం, ఏం చేస్తాడు' అన్నాడు. ఆ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని బోర్డు దింపేశాడు. ఆ తర్వాత ఆ కొట్టుకి పేరు లేదు, నీకు గుర్తుందో లేదో."

గుర్తుంది. పేరు లేని కొట్టు అని దాని మీద కూడా ఒక జోకు ఉండేది. అదీ అతనిదే.

కెల్విన్ గోడ మీద కూర్చున్నాడు, ఆమెకి దూరంగా.

"నేను ఇదంతా చెబుతాను వెరిటీ. చేపల సంగతి కూడా. ఏదీ దాచను. ఊరందరి ముందూ నా తప్పు ఒప్పుకుంటాను."

"వద్దు."

"ఎందుకు?"

"నువ్వు చాలా బాగా చెబుతావు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణుకుతుంది. జనం కళ్లు తుడుచుకుంటారు. కెల్ ఎంత మంచివాడో అనుకుంటారు. నీకు ఫోన్లు వస్తాయి. మా నాన్న మళ్లీ నీ కార్యక్రమంలో ఒక ముక్క అవుతాడు. వద్దు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. ఊరికే ఉండు. ఎప్పుడైనా ఊరికే ఉన్నావా నువ్వు?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. కొంచెం ఆగి, మిగిలిన పాస్టీ చేతిలోకి తీసుకుని లేచింది. అడిలైడ్‌లో విమానం అందుకోవాలంది. వెళ్లేటప్పుడు అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు, వెళ్లొస్తానని మాత్రం అంది.

 ఇంటి గేటు దగ్గర కారు ఆపాక మార్గో, "ఏమంది?" అని అడిగింది.

"ఏమీ చెయ్యొద్దంది."

"అయితే చెయ్యకు" అంది మార్గో.

శనివారం కెల్విన్ మైకు ముందు కూర్చున్నాడు. మొదటి ఫోనే కలప అడితీ రాన్ది. "కెల్, ఆదివారం అదరగొట్టావు! ఈ ఏడు నాన్కీ బహుమతి ఎవరికో ఇప్పుడే చెబుతున్నా, మా బామ్మర్దికి! పారాచూట్ కట్టుకుని విమానం ఎక్కాడా..."  కెల్విన్ నోటి నిండా మాటలే ఉన్నాయి. క్షమాపణ మొత్తం వాక్యాలతో సహా సిద్ధంగా ఉంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలుసు. అలా తెలిసిందన్న సంగతికే అతనికి తన మీద తనకి రోత పుట్టింది. రేడియోలో నిశ్శబ్దం సాగింది. "హలో? కెల్? పోయిందా లైను?" అన్నాడు రాన్.

"ఉన్నాను రాన్. ఆ బహుమతి ఇక లేదు. టమాటాల గురించి పోయినవారం తప్పు చెప్పాను, అది సరిచేసుకుందాం" అన్నాడు.

ఆ వారం అతనికి గుండెలో ఏదో తేడా చేసిందని ఊళ్లో పుకారు పుట్టింది.

మాట మాత్రం చావలేదు. అతను మానేసినా ఊరు మానలేదు. రొట్టెల దుకాణంలో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద వినపడుతూనే ఉంది. మొదట్లో కెల్విన్ ఆగి, "ఆ మాట అనకు, అది ఒకరి ఇంటిపేరు" అనేవాడు. అవతలివాళ్లు అతను ఇంకో జోకు మొదలుపెడుతున్నాడనుకుని నవ్వు మొహంతో ఎదురుచూసేవారు. ఎంతకీ జోకు రాకపోతే ఇబ్బందిగా కదిలిపోయేవారు. "ముసలాడికి చాదస్తం పట్టింది" అన్నాడు ఒక కుర్రాడు, అతనికి వినపడేలాగే. కెల్విన్‌కి ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. నలభై ఏళ్లు తను వేసిన విత్తనమే, ఇప్పుడు పొలమంతా అదే. చేత్తో పీకితే ఎంతకి అవుతుంది?

ఆ ఏడు ఒలింపిక్స్ సముద్రాల అవతల జరిగాయి. అక్కడి సాయంత్రపు పోటీలు ఇక్కడ ఉదయం ఫలహారం వేళకి వచ్చేవి. ఊరి క్లబ్బులో పెద్ద తెర కట్టి, గుడ్లూ బేకనూ పెట్టి, ఊరంతా కలిసి చూడటం ఆనవాయితీ. మధ్యమధ్యలో మైకు పట్టుకుని మాట్లాడేది ఎప్పుడూ కెల్విన్. ఈసారి రాస్ పెన్‌హాల్‌ని చెయ్యమన్నాడు. రాస్‌కి మాటలు పెద్దగా రావు. "ఇప్పుడు ఈత", "ఇప్పుడు ఇంకో ఈత" అని చెప్పి కూర్చుంటున్నాడు. జనం కొంచెం విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

కెల్విన్ వెనక వరసలో మార్గో పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ల డైవింగ్ మొదలైంది. ఎక్కడి పిల్లో, ఏ దేశమో అతను గమనించలేదు. సన్నటి పిల్ల, భుజాల మీద నీటి చుక్కలు. టవర్ చివర నిలబడింది. చేతులు చాచింది. దించింది. మళ్లీ చాచింది. క్లబ్బంతా ఊపిరి బిగబట్టింది. ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత రాబోయే మాట ఏమిటో కెల్విన్‌కి తెలుసు. అది వచ్చేలోగా అతను కుర్చీ జరిపి లేచాడు.

"ఎక్కడికి?" అంది మార్గో చిన్నగా.

 అతను తలుపు తోసుకుని బయటికి వచ్చి, కార్లు నిలిపే చోట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చలికాలపు ఉదయం. రాత్రి కురిసిన వాన నీళ్లు కార్ల అద్దాల మీద ఇంకా ఆరలేదు. లోపల నుంచి ఒక్కసారిగా పెద్ద గోల వినపడింది. అది చప్పట్లో, నవ్వులో గోడ అవతల నుంచి తెలియలేదు. ఆ పిల్ల దూకిందో, దిగి వచ్చేసిందో. కాసేపటికి మార్గో అతని కోటు పట్టుకుని బయటికి వచ్చింది. ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. కోటు తొడుక్కుని ఇద్దరూ ఇంటికి నడిచారు.